చచ్చిన పాము చర్మం ఒలిచే ముందు

చచ్చిపోయి దొరికిన పాము చర్మాన్ని ప్రమాదం లేకుండా ఒలిచి శుభ్రం చేయడం ఎలా అని ఒక పాఠకుడు అడిగారు. ఆయన అడిగింది చర్మం గురించి. నేను మాత్రం తల గురించి చెప్పకుండా కత్తి పట్టుకోనివ్వను.

చచ్చిన పామును కొట్టడం వీరత్వం కాదని అంటుంటాం. కానీ చచ్చిన పాము కరుస్తుంది! 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇద్దరు అమెరికా వైద్యులు ఒక లేఖ రాశారు. తమ దగ్గరికి ర్యాటిల్‌స్నేక్ (తోకతో గిలక్కాయలా చప్పుడు చేసే విషసర్పం) కాటుతో వచ్చిన 34 మందిలో అయిదుగురిని కరిచినవి చచ్చాయనుకున్న పాములేనట. తల తెగిపోయిన పాము కూడా అందులో ఉంది.

తెగిన తల ఎలా కరుస్తుంది? నాకు ఎంత చెప్పినా తనివి తీరని విషయం ఇదే. నాడీ కణానికి బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడాయే దానికి బ్యాటరీ. అయితే కణం పొర ఎప్పుడూ కాస్త కారుతూ ఉంటుంది. లోపలికి చేరిన సోడియాన్ని పంపులు ఎప్పటికప్పుడు బయటికి తోడాలి. చిల్లు పడవలో కూర్చుని నీళ్లు తోడిపోసే మనిషిని ఊహించుకోండి. అతని తిండి ఏటీపీ అనే అణువు. రక్తం ఆగితే ఆ తిండి తయారీ పడిపోతుంది, చెయ్యి ఆగుతుంది, పడవ మునుగుతుంది.

మన పడవ నిమిషాల్లో మునుగుతుంది. వెచ్చని రక్తమున్న జంతువుల కణాల పొరలు ఎక్కువ కారతాయి, తోడే పని కూడా ఎక్కువ. సరీసృపాల పొరలకు చిల్లులు తక్కువ. విశ్రాంతిలో ఉన్న పాము వాడే శక్తి, అంతే బరువున్న క్షీరదం వాడేదానిలో సుమారు పదో వంతు. అందుకే గుండె ఆగినా, తల తెగినా పాము పడవ చాలాసేపు తేలుతూనే ఉంటుంది. ఇంకో సంగతి చూడండి: తాకిడిని పసిగట్టే నాడులు, మెదడు కాండం, దవడ కండరాలు, విషగ్రంథి, కోరలు అన్నీ తలలోనే ఉన్నాయి. మొండెం వేరైనా కాటు వేసే సర్క్యూట్‌లో ఒక్క తీగ కూడా తెగలేదు. ఏదైనా తగిలితే చాలు, దవడలు టక్కున మూసుకుంటాయి. దీనికి కోపం, నిర్ణయం ఏమీ అక్కర్లేదు. తెగిన తల కనీసం గంటసేపు ప్రమాదకరమే అనుకోవాలి.

పొద్దు గూకే దాకా పాము చావదని కొన్ని చోట్ల నమ్ముతారు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకూడదు. ఎవరో ఆ కదలికను కళ్లారా చూశారు. వాళ్లు చూసింది నిజం, చెప్పుకున్న కారణం తప్పు.

కదలిక ఆగినా విషం మిగిలే ఉంటుంది. ఎండబెట్టి ఎనభై ఏళ్లు దాచిన విషాల్లో కూడా విషగుణం పోలేదని పరీక్షల్లో తేలింది. చచ్చిన పాము కోర గుచ్చుకోవడం కూడా కాటే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అందుకని ముందు పొడవాటి కర్రతో కదిపి చూసి, చాలాసేపు ఆగి, తలను కర్రతో నొక్కిపెట్టి మెడ వెనక కోయాలి. ఆ తలను చేత్తో ముట్టకుండా లోతుగా పాతిపెట్టాలి. అసలు ఆ పామును ముట్టడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో అంతకంటే ముందే కనుక్కోవాలి. చాలా దేశాల్లో చచ్చినవాటికి కూడా రక్షణ ఉంది.

ఇక చర్మం. వీపు వైపు ఇది మేజోడులా సులువుగా జారుతుంది, పొట్ట దగ్గర మొరాయిస్తుంది. పక్కటెముకల నుంచి పొట్ట పొలుసులకు సన్నని కండరాలు అతుక్కుని ఉంటాయి. పాము వంకర్లు తిరగకుండా తిన్నగా పాకేది వీటితోనే. అక్కడ లాగితే చిరుగుతుంది, కొంచెం కొంచెంగా విడదీయాలి. పొట్ట మధ్యగా, మొన మొద్దుగా ఉన్న కత్తెరతో పైపైన కోయండి. పేగు తెగితే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అంతటా అంటుకుంటుంది. చేతులకు గ్లౌజులు ఉండాల్సింది అందుకే. తోక మొదట్లో ఉన్న గ్రంథులు చిదిమితే వచ్చే కంపు అంత త్వరగా వదలదు.

లోపలి కొవ్వు, పొరలు గీకేసి, పొలుసుల వైపు కిందికి ఉండేలా పలక మీద పరిచి ఉప్పు పట్టించాలి. ఉప్పు చర్మంలోని నీటిని లాగేస్తుంది, నీరు లేక బ్యాక్టీరియా పెరగలేదు. ఎండలో మాత్రం పెట్టకండి, బిర్రబిగుసుకుని పగులుతుంది. తుడిచేటప్పుడు తల నుంచి తోక వైపే తుడవాలి. పొలుసుల అంచులన్నీ అటే వాలి ఉంటాయి, ఎదురు తుడిస్తే లేచిపోతాయి.

చచ్చిన పాము కళ్లు పాలలా తెల్లగా ఉంటే అది కుబుసం విడవబోతూ చచ్చి ఉండొచ్చు. పాముకు రెప్పలు లేవు. కంటి మీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది, పాత చర్మానికీ కొత్తదానికీ మధ్య ద్రవం చేరినప్పుడు అది మసకబారుతుంది. చచ్చాక కూడా కళ్లు మసకబారతాయి కాబట్టి ఒంటి రంగు కూడా వెలిసినట్టుందేమో చూడండి. అలాంటి పాము చర్మం ఒలిస్తే పై పొర మీ చేతిలోకి ఊడొస్తుంది.