ఈగకు ముక్కెక్కడిది? మా పని మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండల మా గల్లీల ఎవరన్న ఏం పని చేస్తున్నవ్ అని అడిగితే ఈగల ముక్కుల జీన్స్ చూస్త అని చెప్త, ఇగ నవ్వుడే నవ్వుడు. ఏండ్ల సంది అవే ప్రశ్నలు, అందుకే ఒక్కసారి రాసి పెడుతున్న.

అపోహ: మామిడికాయల పురుగు చేసే ఈగ, మీ ల్యాబ్ ఈగ ఒకటే.
కాదు. జగిత్యాల దిక్కు తోటలల్ల కాయకు పొక్క వెట్టి గుడ్లు పెట్టేది బ్యాక్ట్రోసెరా, రైతులు మిథైల్ యూజినాల్ ట్రాప్‌లు కట్టేది దాని మగ ఈగల కోసం. మాది డ్రోసోఫిలా. ఎర్ర కండ్లు, నువ్వు గింజంత ఉంటది, కల్లు ముంతల పడి తేలేది గదే, పులిసిన వాసన ఎక్కడుంటే అక్కడికి వస్తది.

అపోహ: వాసన పట్టే కణాలల్ల వేరే జీన్స్ ఉంటయి.
ఎంఎస్సీ పిల్లలు గూడ ఇట్లనే అనుకుంటరు. కాలుల, కడుపుల, మీసాలల్ల (అదే యాంటెన్నా, ఈగకు ముక్కంటే అదే, నోటి కాడ పాల్ప్‌లు అని ఇంకో జత ఉంటయి) అన్నిట్ల ఒకటే డీఎన్ఏ, సుమారు 14 వేల జీన్లు, ఏ కణంల ఏది ఆన్ అయిందన్నదే తేడా. అండ్ల వాసన రిసెప్టర్ (వాసనను పట్టే ప్రొటీన్) జీన్లు 60. ఒక్క మీసంల దాదాపు 1200 వాసన న్యూరాన్లు (నరాల కణాలు), మామూలుగ ఒక్కో న్యూరాన్ ఆ 60 ల ఒక్కటే ఆన్ చేసుకుంటది, తోడుకు చాలా వాటిల ఆర్కో అనే జీన్ నడుస్తది, అది లేకుంటే రిసెప్టర్ వాసన తగిలే కొస దాక పోనే పోదు. అంటే ఒక్కో రిసెప్టర్ ఆర్ఎన్ఏ (జీన్ ఆన్ అయితే తయారయ్యే దాని నకలు) కొన్ని కణాలల్లనే, అదీ చిటికెడు. ఎలుకల రిసెప్టర్లు 1991లనే దొరికినా ఈగవి 1999 దాక దొరకలే, ఎందుకంటే ఇవి వాటి లెక్క ఉండవు, ఈగ జీనోమ్ సీక్వెన్స్ (దాని డీఎన్ఏ మొత్తం వరుస) వస్తున్నప్పుడు అండ్ల వెతికి పట్టుకున్నరు.

ఒక న్యూరాన్‌కు ఒకటే రిసెప్టర్ అని మేం గూడ బట్టీ పట్టినం, కానీ 2022ల వచ్చిన పని చూస్తే ఆర్కో ఉన్న న్యూరాన్లల్ల చాలా వాటిల ఐఆర్ అనే వేరే రిసెప్టర్ కుటుంబం కో-రిసెప్టర్లు (ఆర్కో లెక్క తోడుండేటివి) గూడ కనబడ్డయి. బట్టీ పట్టినోళ్లకే ఇబ్బంది.

అపోహ: ఆర్ఎన్ఏ ఎక్కువొస్తే ఈగకు ఆ వాసన ఎక్కువ తెలుస్తది.
అట్ల చెప్పలేం. ఆర్ఎన్ఏ కొలిచేందుకు ఈగలను లిక్విడ్ నైట్రోజన్‌ల గడ్డ కట్టిచ్చి ఊపితే మీసాలు ఊడిపడుతయి, వాటిని ఏరుకుంటం, తల ముక్క ఒకటి కలిసిందా లెక్కంత తప్పుతది. నేను ఒకసారి గ్లౌజ్ లేకుండ ట్యూబ్ మూత ముట్టి రెండు వారాల ఆర్ఎన్ఏ పాడు చేసుకున్న, మన చేతి చెమటల ఆర్ఎన్ఏను తినే ఎంజైమ్ ఉంటది. నిజంగ వాసన పడుతుందా లేదా తెల్వాలంటే మీసం మీది సన్న వెంట్రుకల ఎలక్ట్రోడ్ గుచ్చి కరెంటు చూడాలె.

జీన్ ఎంత ఎక్కువ నడిస్తే అంత పవర్ అనేటోళ్లకు జియోస్మిన్ సంగతి చెప్త. తొలకరి పడ్డంక మట్టి వాసన వస్తది గదా, అండ్ల ముఖ్యమైన పదార్థం అది. ఈగల దాన్ని పట్టేది ఓఆర్56ఏ అనే ఒక్క రిసెప్టర్, ఉండేది ఒక్క రకం న్యూరాన్లల్ల. అది తగిలితే చాలు, ఎంత మంచి పులిసిన పండైనా ఈగ గుడ్లు పెట్టకుండ పోతది, ఎందుకంటే బూజు, చెడు బ్యాక్టీరియా ఉన్నకాడ ఆ వాసన ఉంటది. 2012ల తేల్చిన్రు ఇది.

అపోహ: ఈగలే గదా, ఊకెనే పెరుగుతయి.
మక్కపిండి, బెల్లం, ఈస్ట్, అగర్ ఉడకబెట్టి పోస్తే 25 డిగ్రీలల్ల పది రోజులకు కొత్త ఈగలు వస్తయి, నిజమే. కానీ వరంగల్ ఎండలకు మే నెలల కరెంటు పోయి ఇంక్యుబేటర్ 30 దాటి అట్లనే ఉంటే మగయి గొడ్డువోతయి. అందుకే మా కాడ ప్రతి స్టాక్ (పెంచే ఈగల రకం) రెండు చోట్ల పెడ్తం.