గ్రహణం రోజు తలుపులేసుకోమని మనకి ఎవరు చెప్పారు?

ఆ మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలైంది. ఆగస్టు 2న ప్రపంచం మొత్తం ఆరు నిమిషాలు చీకటైపోతుందట, మళ్ళీ ఇలాంటిది వందేళ్ళ దాకా రాదట, ఆ టైమ్‌లో విషకిరణాలు పడతాయి కాబట్టి పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని గది దాటనివ్వొద్దట. 2025లో కూడా ఇదే తేదీతో ఇదే మెసేజ్ తిరిగింది, ఆ ఏడాది ఆగస్టు 2న అసలు గ్రహణమే లేదు. ఉన్నది 2027 ఆగస్టు 2న. ఈజిప్టులో లక్సర్ దగ్గర 6 నిమిషాల 23 సెకన్లు సంపూర్ణ గ్రహణం, మెసేజ్‌లో ఆరు నిమిషాలు అక్కణ్ణించి వచ్చినవే. కానీ ఆ చీకటి పడేది సుమారు 250 కిలోమీటర్ల వెడల్పున్న ఒక చార మీద మాత్రమే, అది స్పెయిన్ దక్షిణపు కొస నుంచి ఉత్తర ఆఫ్రికా, సౌదీ, యెమెన్ మీదుగా హిందూ మహాసముద్రంలోకి వెళ్ళిపోతుంది. మనకి సాయంత్రం వేళ సూర్యుడి అంచు కొరికినట్టు కనపడుతుంది అంతే, అదీ మబ్బు లేకపోతే.

ఆ రోజు సోమవారం, స్కూళ్ళుంటాయి. మా వాడి స్కూల్ పేరెంట్స్ గ్రూపులో గొడవ అక్కడే మొదలైంది. సగం మంది మధ్యాహ్నమే సెలవిచ్చి పంపించేయమంటున్నారు, సగం మంది గ్రౌండ్‌లో నిలబెట్టి గ్రహణం కళ్ళద్దాలతో చూపించమంటున్నారు. మొదటి వర్గంలో రాహుకేతువుల మాట ఎత్తినవాళ్ళు ఇద్దరో ముగ్గురో, మిగతా అందరూ చెప్పింది "రేడియేషన్" గురించి. ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఒకాయనైతే ఫార్మా కంపెనీలో చేస్తారు. ఈ కథనం ఆ రేడియేషన్ అనే మాట కోసమే. పాము మింగడం, ఆర్యభటుడు నీడ అని లెక్కగట్టడం అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా, నాకు తెలిసి ఇవాళ్టి గొడవకి వేరు 1980లో ఉంది.

1980 ఫిబ్రవరి 16, శనివారం. కర్ణాటక తీరంలో అంకోలా, కార్వార్ దగ్గర నేల మీదకొచ్చిన చంద్రుడి నీడ రాయచూరు, నల్గొండ, ఖమ్మం మీదుగా ఒడిశాలో పూరీ, కోణార్క్ వైపు పోయింది. మన గడ్డ మీద పట్టపగలు, మధ్యాహ్నం మూడున్నర దాటాక, సంపూర్ణ సూర్యగ్రహణం. హైదరాబాదుకి కొద్దిలో తప్పింది గానీ అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి నిండుగా పట్టింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ 48 అంగుళాల టెలిస్కోప్ ఉన్న చోటది. అమెరికా నుంచి శాస్త్రవేత్తల బృందాలు పరికరాలు మోసుకుని రంగాపూర్ గుట్ట మీదకొచ్చి దిగాయి, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళు రాయచూరు జిల్లా జవళగేరలో, హుబ్లీ దగ్గర క్యాంపులు వేసుకున్నారు. రెండు నిమిషాల చీకటి కోసం ప్రపంచం మన ఊళ్ళకొచ్చింది, మన ఊళ్ళు తలుపులేసుకున్నాయి.

ఎందుకేసుకున్నాయంటే ఆ సారి చెప్పింది పురోహితుడొక్కడే కాదు. కళ్ళు పోతాయి, బయటికి రావొద్దు, పిల్లల్ని లోపల ఉంచండి అనే హెచ్చరికలు అధికారికంగానే వచ్చాయి. జనం ఇళ్ళలోనే ఉండాలని ఆ మధ్యాహ్నం దూరదర్శన్‌లో సినిమా కూడా వేశారు, నగరాల్లో రోడ్లు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ అయిపోయాయి. చెప్పినవాళ్ళ ఉద్దేశం మంచిదే, అది ఒప్పుకోవాలి. బజార్లో సోలార్ ఫిల్టర్లు దొరికే రోజులు కావవి, కోట్ల మంది ఉత్త కళ్ళతో పైకి చూస్తే ఆస్పత్రులు నిండిపోతాయని భయపడ్డారు, ఎలా చూడాలో అంతమందికి నేర్పడం కన్నా చూడొద్దనడం తేలిక. కానీ "సూర్యుడి వైపు ఉత్త కళ్ళతో చూడొద్దు" అని బయల్దేరిన మాట ఇళ్ళకి చేరేసరికి "బయటికొస్తే ప్రమాదం" అయిపోయింది. పాత భయానికి ఆ రోజు సైన్స్ ముద్ర పడింది. అంతకుముందు మైల అనుకునేవాళ్ళు, ఆ తర్వాత కిరణాలు అనడం మొదలెట్టారు, మాట మారింది గానీ తలుపు మాత్రం మూసే ఉంది.

మా అమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు, నల్గొండ జిల్లాలో ఒక పల్లె. పెంకుటిల్లు. అమ్మమ్మ తలుపులు బిగించి, కిటికీకి గోనెసంచి కట్టి, నలుగురు పిల్లల్ని నడింట్లో కూచోబెట్టింది. పెంకుల సందుల్లోంచి రోజూ పేడతో అలికిన నేల మీద రూపాయి బిళ్ళల్లా గుండ్రంగా ఎండ చుక్కలు పడేవి కదా, అవి కొంచెం కొంచెంగా తరుక్కుపోయి నెలవంకలయ్యాయట. ఒకటి కాదు, నేలంతా చిన్న చిన్న నెలవంకలు, అన్నీ ఒకే వైపు తిరిగి. అమ్మ వేలు పెట్టి చూపిస్తే అమ్మమ్మ హడలిపోయి చాప తెచ్చి వాటి మీద పరిచేసింది. కాసేపటికి చాప మీద కూడా ఏమీ లేదు, ఇల్లంతా చీకటి, బయట కాకుల అరుపు, అంతే.

అమ్మకి ఇది కాలేజీకొచ్చాక అర్థమైందట. ప్రతి పెంకు సందూ ఒక సూదిబెజ్జం కెమెరా, అంటే చిన్న కన్నంలోంచి దూరిన వెలుగు అవతల సూర్యుడి ఆకారాన్నే గీస్తుంది, నేల మీద పడిందంతా సూర్యుడి బొమ్మే. గ్రహణం చూడటానికి అంతకన్నా క్షేమమైన పద్ధతి ఇంకోటి లేదు, అది ఆ ఇంట్లోనే ఉంది, చెప్పేవాళ్ళే లేరు.

కంటి సంగతి మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం, ఇక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. గ్రహణం టైమ్‌లో సూర్యుడు కొత్త కిరణాలేవీ వదలడు, మామూలు ఎండే, అది కూడా తగ్గి వస్తుంది. తేడా ఏంటంటే మామూలు రోజు సూర్యుణ్ణి తేరిపార చూడలేం, కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. గ్రహణం రోజు వెలుగు తగ్గి చూడగలుగుతాం, చూడాలనిపిస్తుంది కూడా, మిగిలిన ఆ సన్నటి వంక మాత్రం ఎప్పట్లాగే కాలుస్తుంది. కంటి లోపల బొమ్మ పడే పొర రెటీనాకి నొప్పి తెలీదు, కాలుతున్నా మంట రాదు, కొన్ని గంటలయ్యాకో మర్నాడు పొద్దున్నో చూపు మధ్యలో మచ్చ కనపడుతుంది, అప్పటికి చెయ్యగలిగింది పెద్దగా ఉండదు. 2017లో అమెరికాలో ఒకావిడకి పరీక్ష చేస్తే రెటీనా మీద కాలిన మచ్చ కూడా నెలవంక ఆకారంలోనే ఉంది. అందుకే ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు, కూలింగ్ గ్లాసులు, సీడీలు ఏవీ పనికిరావు, అవి వెలుగుని తగ్గించి ధైర్యం ఇస్తాయి, రోజూ ఎండలో ఉండే కనపడని కిరణాల్ని మాత్రం కంట్లోకి రానిస్తాయి. ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ముద్రున్న గ్రహణం అద్దాలు, లేదా వెల్డింగ్ షాపుల్లో దొరికే 14 నంబరు గాజు వాడాలి. అద్దాలు పెట్టుకుని ఇంట్లో ట్యూబ్‌లైట్ వైపు చూస్తే ఏమీ కనపడకూడదు, కనపడిందంటే అది పారేయాల్సిందే, గీత పడినా అంతే. ఆ అద్దాలు పెట్టుకుని బైనాక్యులర్లలోంచి మాత్రం చూడకూడదు, లెన్సులు ఎండని ఒకచోటికి పోగేస్తాయి, ఆ వేడికి ఫిల్టర్ కాలిపోతుంది. పూర్తిగా కప్పేసిన ఆ కొద్ది నిమిషాలు మాత్రం ఉత్త కళ్ళతో చూడొచ్చు, అది సంపూర్ణ గ్రహణం చార లోపల ఉన్నవాళ్ళకే, మనకి 2027లో ఆ అవకాశం లేదు కాబట్టి మొదట్నించి చివరిదాకా అద్దాలు తియ్యకూడదు.

1995లో పరిస్థితి చాలా మారింది. దీపావళి మర్నాడు, అక్టోబర్ 24, ఉత్తర భారతం మీదుగా సంపూర్ణ గ్రహణం, ఇదే దూరదర్శన్ ఈసారి లైవ్ ఇచ్చింది. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక లాంటి సైన్స్ ప్రచార సంఘాల వాళ్ళు స్కూళ్ళకి తిరిగి ఫిల్టర్లతో ఎలా చూడాలో చెప్పడం అప్పట్నుంచీ మన దగ్గర ప్రతి గ్రహణానికీ కనపడుతూనే ఉంది. చాలామంది మొదటిసారి గ్రహణం చూసింది వీళ్ళ చేతుల్లోని నల్లటి ఫిల్ముల్లోంచే. అయినా 1980లో పడ్డ ముద్ర పోలేదు, ఎందుకంటే చూడటం నేర్పారు గానీ, కిరణాల మాట అబద్ధమని అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు.

2019 డిసెంబర్ 26న, మళ్ళీ 2020 జూన్ 21న చూశాం కదా. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెడితే నిలబడిందని, విడుపు అవ్వగానే పడిపోయిందని వీడియోలే వీడియోలు. 2020లో మా ఇంట్లో కూడా నిలబెట్టారు, నిలబడింది. మర్నాడు సోమవారం పొద్దున గ్రహణం లేదు ఏం లేదు, అమ్మ అదే రోకలి అదే పళ్ళెంలో పెట్టింది, రెండోసారికే నిలబడింది, సాయంత్రం దాకా అలాగే ఉంది. అడుగు చదునుగా ఉండి బరువు మధ్యలో ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. ఇది ఎవరికీ హాని లేనిది. కానీ 2019 గ్రహణం రోజే కలబురగి దగ్గర తాజ్‌సుల్తాన్‌పూర్‌లో అంగవైకల్యం ఉన్న పిల్లల్ని, బాగవుతారన్న ఆశతో, మెడ దాకా మట్టిలో పూడ్చిపెట్టారు. మన తెలంగాణ సరిహద్దుకి దూరం కూడా కాదు. ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, వాళ్ళకి దిక్కుతోచలేదు, ఆ పిల్లలకి కావల్సిన వైద్యం దొరికుంటే మట్టి తవ్వేవాళ్ళు కాదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మన భాషలోనే ఉంది. పెదవి చీలి పుట్టిన బిడ్డని చూసి మనం అనే మాట "గ్రహణం మొర్రి". ఆ రెండు మాటల్లో తీర్పు అయిపోయింది, తప్పు తల్లిది, కడుపుతో ఉండి గ్రహణం చూసింది, కత్తి పట్టుకుంది, కూర తరిగింది. డాక్టర్లు చెప్పేదేంటంటే బిడ్డ పెదవి కలిసేది నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, చాలామందికి అప్పటికి కడుపుతో ఉన్నట్టే తెలీదు. వంశపారంపర్యం, ఫోలిక్ యాసిడ్ తక్కువవడం, కొన్ని మందులు, పొగ ఇలాంటివి కారణాలు. ఏడో నెల తల్లిని మూడు గంటలు మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా వెల్లకిలా కదలకుండా పడుకోబెడితే ఆ పెదవికి ఒరిగేది ఏమీ లేదు, నీళ్ళు లేక తల్లికే ప్రమాదం. ఎండాకాలంలో అయితే మరీ. బిడ్డకి నాలుగైదు నెలల వయసులో చిన్న ఆపరేషన్‌తో పెదవి కలుస్తుంది, తల్లి మీద పడ్డ మాట మాత్రం జీవితాంతం ఉంటుంది.

ఆచారం పాటించేవాళ్ళ వైపు కూడా చెప్పాలి. పట్టు స్నానం, విడుపు స్నానం, జపం, ఆవకాయ జాడీ మీద దర్భ, ఇవి వాళ్ళ నమ్మకం, ఎవరింట్లో వాళ్ళు చేసుకుంటారు, అందులో గొడవేం లేదు. తిరుమల తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచి రాహుకేతు పూజలు చేస్తారు, అంటే ఆచారంలోనే అందరిదీ ఒకే మాట కాదు. గ్రూపులో ఒక పెద్దాయన "మా ఇంటి పద్ధతి మాది, నా మనవడిని పంపను, కానీ మిగతా పిల్లలకి చూపించొద్దని నేననను" అన్నారు, నాకు ఆ మాట చాలా నచ్చింది.

ఇంకోటి కూడా చెప్పాలి, ఎందుకంటే గ్రూపులో ఒకరు "గ్రహణం చూస్తే ఒరిగేదేంటి" అన్నారు. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, వెలుగుని రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్‌తో సూర్యుడి అంచున లేచే మంటల్ని చూశాడు, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని చూసే పద్ధతి కనిపెట్టాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ శాస్త్రవేత్త పోగ్సన్ అదే గ్రహణాన్ని చూశాడు. ఆ రోజు వెలుగులో దొరికిన పసుపు గీతే తర్వాత హీలియం అని తేలింది, భూమ్మీద దొరక్కముందే సూర్యుడిలో దొరికిన మూలకం. మా వాడి సైన్స్ పుస్తకంలో హీలియం ఉంది, గుంటూరు లేదు.

2024 ఏప్రిల్ 8న మా చెల్లి వాళ్ళు డల్లాస్‌లో ఉన్నారు, అక్కడ మధ్యాహ్నం, మనకి అర్ధరాత్రి దాటింది, తెల్లారితే ఉగాది. చెల్లి పార్కింగ్ లాట్‌లోంచి వీడియో కాల్ చేసింది. అమ్మ మంచం మీద లేచి కూచుని ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుంది. అటు చీకటి పడింది, జనం అరుస్తున్నారు, ఎవరో తెలుగులో "అద్దాలు తీసెయ్యొచ్చు ఇప్పుడు" అంటున్నారు, ఫోన్లో కనపడింది నల్లటి చుక్క చుట్టూ తెల్లటి వలయం మాత్రమే. అమ్మ ఏం మాట్లాడలేదు. నల్గొండలో తన నెత్తిమీదే జరిగిన దాన్ని నలభై నాలుగేళ్ళ తర్వాత అరచేతిలో చూసింది.

భారత భూమ్మీద తర్వాతి సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, అదీ కశ్మీర్, లద్దాఖ్ వైపు. అందుకని 2027 సోమవారం చిన్నదే అయినా నేను వదలదల్చుకోలేదు. స్కూల్‌కి రాసిచ్చాను, అద్దాలు ముందే తెప్పించండి, ఒక్కొక్కటీ లైటు ముందు పెట్టి చూడండి, పిల్లల్ని పదిమంది చొప్పున టీచర్ పక్కన నిలబెట్టి కొన్ని సెకన్లే చూపించండి, చూడనన్న పిల్లాణ్ణి బలవంతపెట్టకండి, సాయంత్రం సూర్యుడు పడమటికి దిగుతాడు కాబట్టి బిల్డింగ్ అడ్డం లేని మూల ముందే చూసుకోండి అని. అద్దాలు చాలకపోతే ఏం చెయ్యాలని హెడ్ మేడమ్ అడిగారు. అమ్మ పక్కనుంచి ఫోన్ తీసుకుని, పిండి జల్లెడ తెస్తాను, తెల్ల చార్టు ఒకటి నేల మీద పరవండి చాలు అని చెప్పింది.