ఏరు దాటాక తెప్ప ఏమవుతుంది?

ఇంగ్లాండుకు దక్షిణాన ఉన్న వైట్ ద్వీపంలో, మెడీనా నది ఒడ్డు బురదలో ‘రైడ్’ అనే ఆవిరి పడవ ఏళ్ళ తరబడి తుప్పు పట్టి ముక్కలుగా రాలిపోయింది. 1937లో స్కాట్లాండులోని డంబార్టన్‌లో తయారైన ఈ పడవకు రెండు పక్కలా పెద్ద తెడ్ల చక్రాలుండేవి. పోర్ట్స్‌మత్ నుంచి ద్వీపానికి జనాన్ని దాటించడం దాని పని. రెండో ప్రపంచ యుద్ధం రాగానే నౌకాదళం దాన్ని తీసుకుని సముద్రంలో మందుపాతరలు ఏరించింది. 1944లో నార్మండీ తీరానికి వెళ్ళిన నౌకల్లో అదీ ఒకటి. యుద్ధం ముగిశాక తిరిగొచ్చి, 1969 వరకు మళ్ళీ పాత పనే చేసింది. తర్వాత మెడీనా ఒడ్డున కట్టేసి నాట్యశాలగా మార్చారు. 1977లో నిప్పంటుకుంది. మరమ్మతు చేసి కొన్నాళ్ళు నడిపారు, ఆ తర్వాత వ్యాపారం మూతపడింది. 2006లో పొగగొట్టం కూలిపోయింది.

ఇలాంటి పడవను చూడగానే ఎవరికైనా కలిగే సందేహం ఒకటే: దీన్ని ఎవరు వదిలేశారు? ఎక్కువ సందర్భాల్లో ఈ ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు దొరకదు. ఫెర్రీని, అంటే ఇలా జనాన్నీ బళ్ళనూ నీళ్ళు దాటించే పడవను, ఎవరూ ఒక్క రోజులో వదిలేయరు. నడిపిన సంస్థ అమ్మేస్తుంది. కొన్నవారు కొన్నాళ్ళు వాడుకుని ఇంకొకరికి అమ్ముతారు. చేతులు మారిన ప్రతిసారీ ధర తగ్గుతుంది, కొనేవారి స్తోమతూ తగ్గుతుంది. చివరికి పడవను విడగొట్టే ఖర్చు భరించలేని మనిషి చేతిలో అది ఆగిపోతుంది. ఆ చివరి మనిషిని నిందించడం తేలిక. అసలు కథ అంతకు చాలా ముందే మొదలవుతుంది.

చాలా చోట్ల అది వంతెనతో మొదలైంది. స్కాట్లాండులో ఫోర్త్ నదీముఖం మీద దాదాపు 900 ఏళ్ళు సాగిన రేవు, 1964లో రోడ్డు వంతెన తెరవగానే మూతపడింది. అదే ఏడాది అమెరికాలో చెసపీక్ అఖాతాన్ని దాటే వంతెన, సొరంగాల దారి వచ్చి అక్కడి కార్ల ఫెర్రీల పని ముగించింది. బ్రిటన్‌లో 1966లో సెవెర్న్ నది మీద, 1981లో హంబర్ నదీముఖం మీద, 2022 జూన్ 25న బంగ్లాదేశ్‌లో పద్మ నది మీద కూడా వంతెనలు తెరుచుకున్నాయి. న్యూయార్క్ పక్కన హడ్సన్ నది మీద మాత్రం ఈ చావు మెల్లగా వచ్చింది. 1927లో హాలండ్ సొరంగం, 1931లో జార్జ్ వాషింగ్టన్ వంతెన తెరుచుకున్నాయి. అయినా రైల్వే సంస్థల ఫెర్రీలు ఒక్కొక్కటే తగ్గుతూ 1967 నవంబరు దాకా నడిచాయి.

వంతెన రావడం మంచిదే. ఇటు నుంచి అటు పోవడానికి గంటల కొద్దీ పడిగాపులు పడిన రోగులు, రైతులు, విద్యార్థుల తరఫున చూస్తే ఇందులో వాదనకు తావులేదు. అయితే వంతెన కట్టేది ఒకరు, పడవల యజమాని వేరొకరు. వంతెన ప్రారంభమైన రోజుతో పడవ సంపాదన ఆగిపోతుంది. దాన్ని శుభ్రం చేసి విడగొట్టడానికి డబ్బు కావలసిందీ సరిగ్గా అప్పుడే. పని చేసిన ముప్పై నలభై ఏళ్ళలో ప్రతి టిక్కెట్టు నుంచి కొంచెం తీసి పక్కన పెట్టి ఉంటే ఆ సొమ్ము ఉండేది. అలా పెట్టాలని అడిగిన చట్టాలు అరుదు.

మిగతా నౌకల కన్నా ఫెర్రీలే ఇలా ఒడ్డున మిగిలిపోవడానికి వాటి నిర్మాణం కూడా ఒక కారణం. నది ఫెర్రీని ఒక రేవు కొలతలకు తగ్గట్టు కడతారు. లోతు తక్కువ నీళ్ళలో తేలాలి కాబట్టి అడుగు చదునుగా ఉంటుంది. బళ్ళు ఒక వైపు ఎక్కి మరో వైపు దిగాలి కాబట్టి రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. ముందు ఏదో వెనుక ఏదో తెలియని ఈ పడవలకు వెనక్కి తిరిగే అవసరమే ఉండదు, చుక్కాని గది కూడా కొన్నిటికి రెండు వైపులా ఉంటుంది. ఆ నదిలో ఇంతకు మించిన పనిమంతురాలు లేదు. నది దాటి సముద్రంలోకి వెళ్తే అదే పడవ కెరటాలకు తట్టుకోలేదు. దూరాన ఎక్కడో ఉన్న నౌకలు విడగొట్టే యార్డుకు లాక్కుపోవాలంటే బీమా దొరకడం కష్టం, దొరికినా ఖర్చు పెద్దది. ఇంకో నదికి అమ్ముదామంటే అక్కడి రేవు కొలతలు వేరు. పైగా చదును అడుగు వల్ల పాటు వేళ నీళ్ళు తీసేసినా బురద మీద ఒరగకుండా నిలబడుతుంది. లోతు అడుగున్న ఓడను అలా ఒడ్డున వదిలితే పక్కకు పడిపోతుంది, అందరి కంటా పడుతుంది. ఫెర్రీ మాత్రం ఇంకా రేవులో ఉన్నట్టే కనిపిస్తుంది. దాని గురించి ఇప్పుడే ఏదో చేయాలన్న తొందర ఎవరికీ పుట్టదు.

ఇంకో సంగతి, విశాలమైన డెక్కు. దాన్ని చూడగానే హోటలు పెట్టాలన్న ఆలోచన వస్తుంది. హంబర్ నదీముఖంలో హల్ పట్టణం దగ్గర నడిచిన మూడు ఆవిరి ఫెర్రీల తర్వాతి బతుకు ఈ విషయంలో నాకు చాలా నేర్పింది. ‘టాటర్‌షాల్ కాజిల్’, ‘వింగ్‌ఫీల్డ్ కాజిల్’ రెండూ 1934లో హార్టిల్‌పూల్‌లో పుట్టిన కవలలు. ‘లింకన్ కాజిల్’ 1940 నాటిది. మొదటిది లండన్‌లో థేమ్స్ నది మీద పానశాలగా స్థిరపడింది. నగరం నడిబొడ్డున ఉండటంతో ఆదాయానికి లోటు లేదు, ఆ ఆదాయంతో అడుగు రేకులకు మరమ్మతు జరుగుతోంది. రెండోది తాను పుట్టిన హార్టిల్‌పూల్‌కే తిరిగి వెళ్ళి మ్యూజియంలో భాగమైంది. మూడోది హంబర్ వంతెన నీడలోనే కొన్నేళ్ళు హోటలుగా ఉంది. తర్వాత గ్రిమ్స్‌బీకి చేరింది. కాపాడుకోవాలని ఎందరో పట్టుబట్టినా 2010లో ముక్కలైంది. మూడూ ఒకే నది మీద, ఒకే పని చేసిన పడవలు. వాటి గతిని మార్చింది చరిత్ర విలువ కానే కాదు, అడుగు భాగానికి ఏటా ఎవరు డబ్బు పెట్టగలిగారన్నదే.

హోటలు వ్యాపారంలో లాభం పై అంతస్తులో వస్తుంది, నష్టం కింద పెరుగుతుంది. హడ్సన్ మీద నడిచిన ‘బింగమ్‌టన్’ ఫెర్రీ 1905 నాటిది. 1967లో విశ్రాంతి తీసుకుని, 1975 నుంచి న్యూజెర్సీలోని ఎడ్జ్‌వాటర్ ఒడ్డున భోజనశాలగా 2007 వరకు ఉంది. జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో దానికి చోటు కూడా దొరికింది. ఆ గుర్తింపు వెంట డబ్బు రాలేదు. 2012లో వచ్చిన శాండీ తుపాను ఇంకాస్త దెబ్బ తీసింది, 2017లో తొలగించారు. చరిత్ర జాబితాలో పేరు ఉంటే చాలని నమ్మే మిత్రులకు ఈ ఉదాహరణ చెబుతుంటాను.

ఇనుము ఉంది కదా, తూకానికి అమ్మితే ఖర్చు గిట్టదా అని అడుగుతారు. పాత ఫెర్రీలో ఇనుముతో పాటు ఇంకా చాలా ఉంటాయి. బాయిలరు చుట్టూ, ఆవిరి గొట్టాల చుట్టూ వేడి బయటికి పోకుండా ఆస్బెస్టాస్ చుట్టేవారు. రేకులకు పూసిన ఎర్ర రంగులో సీసం ఉండేది. నాచు, గుల్లలు అంటకుండా అడుగున పూసిన రంగుల్లో ట్రైబ్యుటైల్‌టిన్ అనే రసాయనం వాడేవారు. అది నత్తల సంతానోత్పత్తినే దెబ్బతీస్తుందని తేలాక 2008 నుంచి అంతర్జాతీయంగా నిషేధం అమల్లోకి వచ్చింది. అడుగు గదుల్లో నీటితో కలిసిన నూనె నిలిచి ఉంటుంది. వీటన్నిటినీ నిబంధనల ప్రకారం తీయడానికయ్యే ఖర్చు చాలాసార్లు ఇనుము విలువను మించిపోతుంది. అప్పటినుంచి పడవ ఆస్తి పట్టిక దాటి అప్పుల పట్టికలోకి వెళ్ళిపోతుంది.

కాలం గడిచేకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుందే గాని తగ్గదు. ఆటుపోట్లున్న చోట రోజూ తడిసి ఆరే భాగమే రేకులో అన్నిటికన్నా ముందు పలుచబడుతుంది. అక్కడ ఒక చిల్లు పడితే పడవ పోటుకు లేవదు, కింది బురద గట్టిగా పట్టేస్తుంది. తేలే పడవను లాక్కుపోవచ్చు. తేలని పడవను ఉన్నచోటే కోయాలి, లేదా భారీ క్రేన్లు తేవాలి. ఆ ఒక్క చిల్లుతో పని చేయవలసిన పద్ధతే మారిపోతుంది. అందుకే మొదటి రెండు మూడేళ్ళు అంత విలువైనవి. కోర్టు నోటీసులు, యజమాని కోసం వెతుకులాటతో కరిగిపోయేవీ ఆ ఏళ్ళే.

అంతర్జాతీయ చట్టం ఈ పడవలను దాదాపు మరిచిపోయింది. శిథిల నౌకల తొలగింపుపై నైరోబీ ఒప్పందం 2007లో కుదిరి 2015లో అమల్లోకి వచ్చింది. 300 టన్నులకు తగ్గని నౌకలకు బీమా ఉండాలంటుంది. కానీ మామూలుగా అది వర్తించేది తీరానికి ఆవలి సముద్ర మండలానికి. సభ్య దేశం తానై విస్తరింపజేస్తే తప్ప నది దాకా రాదు. నౌకలను సురక్షితంగా విడగొట్టడంపై 2009లో కుదిరిన హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్‌లో అమల్లోకి వచ్చింది. 500 టన్నుల లోపు నౌకలకూ, జీవితమంతా స్వదేశ జలాల్లోనే తిరిగిన నౌకలకూ అది వర్తించదు. నది ఫెర్రీ సాధారణంగా ఈ మినహాయింపుల్లోనే పడుతుంది.

దారి చూపిన చట్టం ఒకటి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. వదిలేసిన పడవల తొలగింపునకు ఆ రాష్ట్రం 2002లోనే ఒక పథకం తెచ్చింది. విహార పడవల రిజిస్ట్రేషన్ రుసుముల నుంచి దానికి నిధి సమకూరుతుంది. అయినా పాత పడవలు చేతులు మారడం ఆగలేదు. అక్కడే ‘కలాకలా’ అనే వెండిరంగు ఫెర్రీ 1935 నుంచి 1967 వరకు నడిచి, అలాస్కాలో చేపల శుద్ధి కర్మాగారంగా మారి, 1998లో అభిమానులు వెనక్కి తెచ్చాక కూడా యజమానుల చేతులు మారుతూ, 2015లో ముక్కలైంది. 2014లో రాష్ట్రం కొత్త నిబంధన పెట్టింది. 65 అడుగులు మించిన, 40 ఏళ్ళు దాటిన పడవను అమ్మాలంటే ముందు తనిఖీ చేయించాలి, కొనేవారికి బీమా ఉండాలి. ఇవి లేకుండా అమ్మితే, కొన్నవారు వదిలేసిన రోజున అమ్మినవారూ బాధ్యులే. బాధ్యతను చౌకగా అమ్ముకునే ఆ గొలుసును మధ్యలో తెంచిన నిబంధన ఇది. ప్రతి నదికీ ఇలాంటిది కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అన్ని పడవలనూ తీసేయాలన్న వాదనతో మాత్రం నేను ఏకీభవించను. సెవెర్న్ నది పక్కన పర్టన్ దగ్గర 1909లో గట్టు తెగబోతే పాత పడవలను కావాలనే ఒడ్డుకు ఎక్కించారు. వాటి చుట్టూ ఒండ్రు పేరుకుని గట్టు నిలబడింది. పొటోమాక్ నదిలో మాలోస్ బే దగ్గర మొదటి ప్రపంచ యుద్ధం నాటి చెక్క ఓడల మధ్య ‘అక్కోమాక్’ అనే ఉక్కు ఫెర్రీ ఉంది. 1928 నాటిది, 1973లో అక్కడికి చేరింది. ఇప్పుడు ఆ ఓడల మీద చెట్లు మొలిచాయి, చేపలు పట్టే గద్దలు గూళ్ళు కట్టుకున్నాయి. 2019లో ఆ నీళ్ళను జాతీయ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. నూనె తీసేసి, ప్రమాదకరమైనవి తొలగించాక కొన్ని పాత పడవలను కదపకుండా ఉంచడమే నదికి మేలు. ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చాల్సింది పరిశీలన. ఇప్పుడు చాలా చోట్ల ఆ పని ఎవరూ చేయక తుప్పే తేలుస్తోంది.

సెవెర్న్ వంతెన 1966 సెప్టెంబరు 8న తెరుచుకుంది. దాంతో ఆస్ట్ రేవులో నడిచిన మూడు కార్ల ఫెర్రీలకు పని పోయింది. వాటిలో వయసులో చిన్నది ‘సెవెర్న్ ప్రిన్సెస్’, అప్పటికి దాని వయసు ఏడేళ్ళు. ఐర్లాండుకు అమ్ముడుపోయింది. 1999లో అక్కడ దిక్కులేకుండా పడి ఉన్న దాన్ని గుర్తుపట్టినవారు ఉన్నారు. ఆ పాత రేవును మరిచిపోని మనుషులు దాన్ని చెప్‌స్టో పట్టణానికి తెచ్చి, వై నది ఒడ్డున నిలబెట్టి, చేతనైనంత మరమ్మతు మొదలుపెట్టారు.