"బిల్డింగ్ పూర్తయ్యాక పిలుస్తాం" అనకండి: కొర్నీలియా ఓబర్లాండర్ పనిలో కనిపించే అపోహలు - వాస్తవాలు

నేను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని. ఆ మాట చెప్పగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "మా బాల్కనీలో ఏ మొక్క పెడితే బతుకుతుందండీ?" అని. అడగడంలో తప్పేమీ లేదు, తెలిసింది చెప్తాను కూడా. కానీ మా పని అంతవరకే అనుకోవడం వల్ల చెట్లు చస్తున్నాయి, సెల్లార్లలోకి నీళ్లొస్తున్నాయి, మంచి మట్టి లారీలకెక్కి ఎక్కడికో పోతోంది. ఈ అపోహల గురించి రాద్దామని కూర్చుంటే, ఊరికే సిద్ధాంతాలు చెప్పేకన్నా ఒక్క మనిషి పని చూపించడం మేలనిపించింది. ఆ మనిషి కొర్నీలియా హాన్ ఓబర్లాండర్.

1921లో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో అమెరికా చేరారు. 1947లో హార్వర్డ్‌లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ డిగ్రీ పూర్తిచేశారు. ఆ విభాగంలో చదివిన తొలితరం ఆడవాళ్లలో ఆమె ఒకరు. 1953లో పెళ్లయ్యాక కెనడాలోని వాంకూవర్ వెళ్లి, సొంతంగా ప్రాక్టీసు పెట్టి, తొంభై దాటాక కూడా పనిచేశారు.

అపోహ: ఇది చదువుకున్న తోటమాలి పని.

తోటపని అంటే నాకు గౌరవం, అది రాకుండా మా వృత్తి లేదు. కొర్నీలియా తల్లి బేయాటె హాన్ తోటపని మీద పుస్తకాలు రాసిన మనిషి, కాబట్టి ఈమెకు విత్తనం, మొలక, మట్టి వాసన చిన్నప్పటి నుంచీ ఇంట్లో సంగతే. అయినా హార్వర్డ్ దాకా వెళ్లి చదవాల్సి వచ్చిందంటే, అక్కడ నేర్చుకోవాల్సింది ఇంకా చాలా ఉందనేగా. మా డ్రాయింగుల సెట్టు తెరిచి చూస్తే మొక్కల షీటు దాదాపు చివర్లో ఉంటుంది. ముందు లెవెల్స్ వస్తాయి: నేల ఎక్కడ ఎంత ఎత్తు, ఎటు వాలు, కురిసిన వాన ఏ దారిన పోతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఇంకుతుంది. తర్వాత మనుషులు నడిచే దారులు, నీడ, గాలి, మట్టి లోతు, కింద పోయే పైపులు, కేబుళ్లు. ఇవన్నీ తేలాకే ఏ మొక్క అనే మాట. ఆమె మొదట్లో ఫిలడెల్ఫియాలో లూయీ కాన్, ఆస్కర్ స్టొనొరోవ్ లాంటి ఆర్కిటెక్టులతో కలిసి మామూలు జనం ఉండే ప్రభుత్వ గృహ సముదాయాలకు పనిచేశారు. పెద్దవాళ్ల బంగ్లాల ముందు పూలమడులు వేయడంతో మొదలైన కెరీర్ కాదది.

అపోహ: ముందు బిల్డింగ్ కట్టేద్దాం, ల్యాండ్‌స్కేప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మా వృత్తిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం దీనివల్లే. ఒకసారి నన్ను ఒక సైటుకి గోడలకు రంగులు వేస్తున్న టైంలో పిలిచారు. పునాదులు తవ్వినప్పుడే పైమట్టి మొత్తం బయటకు పంపేశారట, మేం మొక్కలు నాటాల్సిన చోట అడుగు లోతు తవ్వితే ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, గచ్చు పెళ్లలు, దాని కింద లారీలు, క్రేన్లు తిరిగి తిరిగి రాయిలా బిగుసుకుపోయిన నేల. గుంతలు తీసి బయటి నుంచి తెచ్చిన మట్టి నింపి చెట్లు పెట్టాం. ఆ గుంతల్లో నీళ్లు నిలిచి, వేర్లకు గాలి ఆడక, రెండో ఏడు తిరిగేలోపు సగం పైగా పోయాయి. ఆ చెట్లను తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. స్కెచ్ వేసే దశలోనే పిలిచి ఉంటే, ఆ పైమట్టిని ఒక మూల కుప్పపోసి కప్పి ఉంచమనేవాళ్లం, చెట్లు వచ్చే చోట బండ్లు తిరగకుండా కంచె కట్టమనేవాళ్లం. దానికయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఇప్పుడు వాంకూవర్ నడిబొడ్డున ఉన్న రాబ్సన్ స్క్వేర్ చూడండి. మూడు బ్లాకుల పొడవున ప్రభుత్వ ఆఫీసులు, కోర్టులు ఉన్న కట్టడమిది. మొదట అక్కడ ఒక ఎత్తైన టవర్ కట్టాలనుకున్నారు. ఆర్కిటెక్ట్ ఆర్థర్ ఎరిక్సన్ ఆ టవర్‌ని పడుకోబెట్టినట్టుగా డిజైన్ మార్చి, పైన జనం నడిచేలా చేశారు. కొర్నీలియా 1974లో, డిజైన్ ఇంకా నలుగుతున్నప్పుడే అందులో చేరారు. అక్కడ చెట్లు ఉన్నది నేల మీద కాదు, ఆఫీసుల కప్పుల మీద. కింద ఫైళ్లు చూసుకుంటుంటే పైన చెట్లు, పొదలు, నీళ్లు.

అది ముందే అనుకోకపోతే ఎందుకు కుదరదంటే, బాగా తడిసిన మామూలు మట్టి క్యూబిక్ మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు టన్నుల దాకా తూగుతుంది. పెరిగే చెట్టుకు కనీసం మీటరు లోతు మట్టి ఇవ్వాలంటే స్లాబు ప్రతి చదరపు మీటరు అంత బరువు మోయాలి, పైగా ఏటేటా పెరిగే చెట్టు బరువు, దాన్ని తోసే గాలి వేరే. కాబట్టి మట్టి మిశ్రమం తేలిగ్గా ఉండాలి. అలాగని నీళ్లు పట్టుకోనంత తేలిక కాకూడదు. పెద్ద చెట్లు సరిగ్గా స్తంభాల మీదికో దూలాల మీదికో రావాలి, మట్టి కింద నీళ్లు పోయే పొర, దాని కింద వేర్లు దూరకుండా అడ్డు పొర, దాని కింద వాటర్‌ప్రూఫింగ్ ఉండాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు స్తంభాల గ్రిడ్ గీస్తున్నప్పుడు మేం పక్కన లేకపోతే తర్వాత మాకు మిగిలేవి కుండీలే.

రాబ్సన్ స్క్వేర్ గురించి మరో మాట కూడా చెప్పాలి. అక్కడి మెట్ల మధ్య నుంచి ఏటవాలుగా పాములా పైకెళ్లే ర్యాంపులు ప్రపంచమంతా ఫొటోల్లో కనిపిస్తాయి. మెట్లెక్కే వాళ్లు, చక్రాల మీద వచ్చేవాళ్లు ఒకే దారిలో కలిసి వెళ్లాలన్న ఆ ఆలోచన ఆ కాలానికి ఎంతో ముందున్నది, నాకు చాలా ఇష్టం. అయితే ఈనాటి కళ్లతో చూస్తే అందులో లోపాలున్నాయి. వాలు ఎక్కువ, పట్టుకోవడానికి రెయిలింగు సరిగా లేదు, మెట్టు అంచు ఎక్కడుందో చూపు తక్కువ ఉన్నవాళ్లకు తెలియదు. వికలాంగుల వైపు నుంచి వచ్చిన ఈ విమర్శలు న్యాయమైనవే. ఈ ర్యాంపుల బొమ్మ చూసి యథాతథంగా కాపీ కొట్టే విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే, ఆలోచన తీసుకోండి, కొలతలు మాత్రం ఇప్పటి ప్రమాణాల ప్రకారం మళ్లీ వేయండి.

అపోహ: ఎవరూ ఎక్కని కప్పు మీద తోట దండగ.

వాంకూవర్ సెంట్రల్ లైబ్రరీ 1995లో తెరిచారు, కట్టడం ఆర్కిటెక్ట్ మోషే సఫ్దీది, కప్పు మీది తోట కొర్నీలియా డిజైన్. నీలి ఛాయ గడ్డి, ఆకుపచ్చ గడ్డి, నేలబారు పొదలు కలిపి ఫ్రేజర్ నది పారుతున్నట్టు నాటించారు. చుట్టుపక్కల ఎత్తైన భవనాల కిటికీల్లోంచి చూస్తేనే ఆ నది కనిపించేది, ఎందుకంటే మామూలు జనానికి ఆ కప్పు మీదికి 2018 దాకా దారి లేదు. అయినా ఆ 23 ఏళ్లూ ఆ తోట ఊరికే లేదు. వానను కాసేపు పట్టి ఉంచి మెల్లగా వదిలింది, ఎండకు కాలే కాంక్రీటును కప్పింది, కింది వాటర్‌ప్రూఫింగ్ పొరను కాపాడింది. మనుషులు కూర్చోవడం తోట చేసే పనుల్లో ఒకటి, అంతే.

అపోహ: స్థానిక మొక్కలంటే డిజైనేమీ అక్కర్లేదు, వదిలేస్తే అవే పెరుగుతాయి.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు యెల్లోనైఫ్ గుర్తొస్తుంది. కెనడా ఉత్తరాన, 62 డిగ్రీల అక్షాంశం దగ్గర, బండరాళ్లు, పీటు (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న) బురద నేలలు, సన్నటి స్ప్రూస్ చెట్లు ఉన్న చోట 1993లో నార్త్‌వెస్ట్ టెరిటరీస్ శాసనసభ భవనం తెరుచుకుంది. అలాంటి నేలను ఒకసారి చెరిపితే మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది, అక్కడ ఎండాకాలం అంత చిన్నది. అందుకే అక్కడున్న చెట్లను, బండలను వీలైనంత తక్కువగా కదిపేలా కట్టడాన్ని వాటి మధ్య ఇరికించారు. తప్పనిసరిగా చెదిరిన చోట్ల నాటడానికి కావలసిన మొక్కలు ఏ నర్సరీలోనూ దొరకవు కాబట్టి, కొర్నీలియా ఆ సైటు నుంచే విత్తనాలు, కొమ్మ ముక్కలు సేకరించి వాంకూవర్ పంపించి, అక్కడ పెంచి, మళ్లీ వెనక్కి తెప్పించి నాటించారు.

ఇంత కష్టం దేనికంటే, మొక్క జాతి ఒకటే అయినా పుట్టిన చోటు వేరైతే అలవాట్లు వేరు. ఇంకా దక్షిణాన ఉన్న చోటి విత్తనం నుంచి వచ్చిన చెట్టు తన లెక్క ప్రకారం శరత్కాలంలో ఇంకా చిగుళ్లు వేస్తూ ఉంటుంది, ఉత్తరాన అప్పటికే మంచు పడిపోతుంది, చిగురు మాడిపోతుంది. లేబుల్ మీద పేరు చూసి "స్థానికమే కదా" అనుకుంటే సరిపోదు, ఆ విత్తనం ఎక్కడిదని కూడా అడగాలి. ఆ ప్రశ్న ఆమె పని చదివాకే నేను నర్సరీ వాళ్లను అడగడం మొదలుపెట్టాను. చాలామంది దగ్గర జవాబు ఉండదు. అయినా అడుగుతూనే ఉంటాను.

అపోహ: పిల్లల పార్కంటే జారుడుబల్ల, ఊయల, రంగురంగుల ప్లాస్టిక్.

1967లో మాంట్రియల్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఎక్స్‌పో 67లో కెనడా పెవిలియన్ (ఆ దేశపు ప్రదర్శనశాల) కోసం ఆమె ఒక ఆటస్థలం చేశారు. అందులో మట్టిగుట్ట, ఇసుక, ఓ కాలువ, పడవ, ఎక్కడానికి దుంగలు, చెట్టు ఇళ్లు ఉండేవి. కేటలాగు చూసి ఆర్డర్ పెట్టే సామాన్ల బదులు పిల్లలే తవ్వుకుని, ఎక్కి, కట్టి, మళ్లీ పడగొట్టుకునేవి. తర్వాత 70కి పైగా ఆటస్థలాలు డిజైన్ చేశారు. ఇసుకకు, నీళ్లకు మెయింటెనెన్స్ కావాలి, అది నిజం, కడిగి మార్చే మనిషి లేకపోతే పెట్టకండి. కానీ జారుడుబల్ల జారడానికొక్కదానికే, అదే గుప్పెడు తడి ఇసుకతో మూడేళ్ల పిల్ల ఒకటి చేస్తుంది, పదేళ్ల పిల్లాడు ఇంకొకటి చేస్తాడు.

అపోహ: పెళ్లి, పిల్లలు అంటే ఫీల్డ్ పని కుదరదు.

ముగ్గురు పిల్లల తల్లి ఆమె. 2011లో అంతర్జాతీయ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సమాఖ్య ఇచ్చే జెల్లికో అవార్డు అందుకునేటప్పటికి వయసు తొంభై. 2021 మే 22న, నూరేళ్లకు నెల రోజుల ముందు, కోవిడ్‌తో పోయారు. ఆమె పేరు మీద పెట్టిన అంతర్జాతీయ బహుమతి అదే ఏడు మొదటిసారిగా, విషపు వ్యర్థాలతో పాడైన పారిశ్రామిక స్థలాల మీద పనిచేసే జూలీ బార్గ్‌మన్‌కి వెళ్లింది. ఈ కోర్సులో చేరాలా వద్దా అని నాకు మెసేజ్ పెట్టే అమ్మాయిలందరికీ ఇదే పంపిస్తుంటాను.

అపోహ: డిజైన్ అంటే ఏదో ఒకటి కొత్తగా కట్టాలి.

వాంకూవర్ బీచ్‌లకు పెద్ద పెద్ద దుంగలు కొట్టుకొచ్చేవి. కలప రవాణాలో నీళ్లపాలైనవి అవి. ఒడ్డు శుభ్రం చేయడానికి వాటిని తగలబెట్టేవాళ్లు. 1963లో కొర్నీలియా పార్కుల బోర్డుకు ఒక సలహా ఇచ్చారు, తగలబెట్టకండి, వరసగా పేర్చి జనం కూర్చోవడానికి వదిలేయండి అని. కాంక్రీటు బెంచీ ఒక్కటి పోయలేదు. ఈ రోజుకీ సాయంత్రాలు అక్కడ ఇసుకలో కూర్చుని, ఆ దుంగలకు వీపు ఆనించి, సూర్యుడు నీళ్లలోకి దిగేదాకా జనం చూస్తూ ఉంటారు.