మొదట విన్నవాళ్లు

తిరుపతిలో గంగమ్మ జాతర కథ తెలియనివాళ్లుండరు. ఆడపిల్లల్ని చెరబట్టిన పాలెగాడిని అమ్మవారు వేషాలు మార్చుకుంటూ వెతికి, దొర వేషంలో సంహరించిందంటారు. ఏటా మే నెలలో మగవాళ్లు చీరలు కట్టి మరీ మొక్కు తీర్చుకుంటారు. అదే వీధిలో ఒక పిల్ల "అమ్మా, చిన్నాయన నన్ను..." అని మొదలుపెడితే మాత్రం చాలా ఇళ్లలో వినబడేది "గమ్మునుండు, ఎవురితోనూ చెప్పబాక". లేదంటే నాయన "వాణ్ణి నరికేస్తా" అని లేస్తాడు. అది ప్రేమతో వచ్చిన కోపమే, కాదనను. కానీ తను నోరు తెరవడం వల్లే ఇల్లు అల్లకల్లోలమైందని పిల్లకు తోస్తుంది. "ఏం లేదులే, ఊరికే అన్నా" అని మాట వెనక్కి తీసుకునే పిల్లలున్నారు.

2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. అత్యధికులు ఎవరికీ చెప్పలేదు.

చెప్పినవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "అప్పుడే ఎందుకు అరవలేదు?" ప్రాణభయం ముంచుకొచ్చినప్పుడు మెదడులో భయాన్ని పసిగట్టే భాగం, అమిగ్డలా, విజృంభిస్తుంది, ఆలోచించి నిర్ణయించే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పట్టు సడలుతుంది. కాళ్లూ చేతులూ కదలవు, గొంతు పెగలదు. స్టాక్‌హోంలో అత్యాచారానంతరం ఆస్పత్రికి వచ్చిన 298 మంది మహిళలపై 2017లో వెలువడిన అధ్యయనంలో 70 శాతం మంది ఇలా గణనీయంగా కొయ్యబారిపోయామని చెప్పారు. అంటే అరవకపోవడం ఒప్పుకోవడం కిందికి రాదు. జ్ఞాపకం కూడా అంతే. సంఘటనల వరసను కూర్చే హిప్పోకాంపస్ ఆ ఒత్తిడిలో సరిగా పనిచేయదు. అత్తరు వాసనో, గోడ మీది క్యాలెండరో స్పష్టంగా గుర్తుంటుంది. తేదీ తప్పుతుంది, ముందువెనకలు తారుమారవుతాయి. మన పెద్దవాళ్లు సరిగ్గా అక్కడే పట్టుకుని "నిన్న ఒకటి, ఈరోజు ఒకటి చెప్తావేం?" అంటారు.

కాబట్టి విచారణ మన పని కాదు. "నువ్వు చెప్పింది నమ్ముతున్నా, ఇందులో నీ తప్పేం లేదు, చెప్పి మంచిపని చేసినావు" అంటే మొదటి గంటకు చాలు. "ఫలానా మామేనా?" అని మనమే పేరు అందించకూడదు, అలాంటి ప్రశ్నలు చిన్నపిల్లల జ్ఞాపకాన్నే మార్చేయగలవు. "తర్వాత ఏమైంది?" అని ఆగాలి. దగ్గరికి తీసుకోవాలనిపించినా ముందు అడగాలి. తన శరీరం మీద తన మాట చెల్లడం ఆ పిల్లకు అప్పుడు చాలా అవసరం. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు మాత్రం వేయకూడదు. 18 ఏళ్ల లోపు పిల్లల విషయంలో పోలీసులకు తెలియజేయడం పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. బాధితులు 18 దాటినవాళ్లయితే ఫిర్యాదు నిర్ణయం వాళ్లకే వదిలి, పక్కన నిలబడాలి.

ఆస్పత్రి ఆలస్యం చేయకూడనిది. హెచ్ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి. అప్పటి బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్లాలి. తిరుపతి ప్రభుత్వాస్పత్రి రుయాకైనా, ప్రైవేటు ఆస్పత్రికైనా వెళ్లొచ్చు. ఎఫ్ఐఆర్ లేదని తిప్పి పంపే హక్కు ఎవరికీ లేదు, చికిత్స ఉచితంగానే చేయాలి. ఎటూ తోచకపోతే పిల్లలకు 1098, మహిళలకు 181. పిల్ల స్టేషన్ మెట్లెక్కాల్సిన పని కూడా లేదు. ఇంటికే వచ్చి, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ వాంగ్మూలం తీసుకోవాలన్నది చట్టంలోనే ఉంది.