రక్తం ఆగింది కదా, మళ్లీ బ్యాండింగ్ ఎందుకు?

అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగిలి రక్తం కక్కుకున్నవాళ్లకు, ఆ సిరలకు రబ్బరు బ్యాండ్లు వేసి పంపేటప్పుడు డిశ్చార్జి షీటు మీద "మూడు వారాలకు మళ్లీ బ్యాండింగ్" అని రాసి, కింద గీత గీసి మరీ ఇస్తాను. అయినా ఆ తారీఖుకు రానివాళ్లు చాలామందే. ఫోన్ చేయిస్తే ఒకటే జవాబు: "రక్తం ఆగిపోయింది కదండీ, అన్నం బాగానే తింటున్నాడు."

అన్ని అపోహల్లోకీ ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. మొదటిసారి మేం ఆపేది ఆ పూట కారుతున్న రక్తాన్ని. లివర్ గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తం అందులోంచి సాఫీగా పోలేదు. ఆ ఒత్తిడికి అన్నవాహిక కింది భాగంలో సిరలు ఉబ్బుతాయి. ఎండోస్కోప్ (నోట్లోంచి దించే కెమెరా గొట్టం) చివర తొడిగిన చిన్న మూతలోకి ఆ సిరను పీల్చి, రబ్బరు బ్యాండు వదులుతాం. స్క్రీన్ మీద అది నల్లద్రాక్షలా బిగుసుకుంటుంది. వారం పది రోజుల్లో ఎండి రాలిపోతుంది, అక్కడ పుండు పడి మానుతుంది. కానీ ఒక్క విడతలో సిరలన్నీ పోవు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి, అవి పూర్తిగా పోయేదాకా వేయాలి. మామూలుగా రెండు నుంచి నాలుగు విడతలు పడతాయి. ఒకసారి రక్తం కక్కుకుని, ఆపైన వైద్యం మానేస్తే ఒకటి రెండేళ్లలో నూటికి 60 మందికి మళ్లీ రక్తస్రావం అవుతుంది.

ఒక ఆటో డ్రైవర్ ఇలాగే ఐదు నెలల తర్వాత, అర్ధరాత్రి వచ్చాడు. భార్య చేతిలో రక్తంతో తడిసిన తువ్వాలు, ప్లాస్టిక్ కవరు. ఆ కవర్లో ఆధార్ కార్డు పక్కనే నేను గీత గీసిచ్చిన షీటు, మడత నలగకుండా ఉంది. మాటిమాటికీ గొట్టం వేస్తే అన్నవాహిక చిరిగిపోతుందని ఎవరో చెప్పారట. అలాంటి మాటలు చెప్పేవాళ్లు ఆ రాత్రి ఐసీయూ బయట ఉండరు. "నేనే తీసుకురాలేదు సార్" అని ఆమె ఏడుస్తుంటే, తప్పు నీది కాదమ్మా అని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. రబ్బరు లోపల ఉండిపోదు, విరేచనంలో పోతుంది. కోత ఉండదు, కుట్లుండవు. ఈ జబ్బు తాగేవాళ్లకే వస్తుందన్నది తప్పు. హెపటైటిస్ బి, సి ఉన్నా, ఫ్యాటీ లివర్ ముదిరినా వస్తుంది. ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ అనే బీపీ మాత్రలు చూసి "నాకు బీపీ లేదు కదా" అని మానేయకండి, ఇక్కడ అవి సిరల్లో ఒత్తిడి తగ్గించడానికి ఇస్తాం. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో మాత్రలు అడిగి వేసుకోకండి, వాటితో మళ్లీ రక్తం కారవచ్చు.

బ్యాండింగ్ తర్వాత ఒకటి రెండు రోజులు గుండెల్లో నొప్పిగా, మింగడానికి పట్టేసినట్టుగా ఉంటుంది. దానికి టెన్షన్ పడకండి. చల్లారిన జావ, మెత్తటి మజ్జిగన్నం తీసుకోండి. విరేచనం తారులా నల్లగా వచ్చినా, రక్తం వాంతి అయినా తెల్లారేదాకా ఆగకుండా వచ్చేయండి. బ్యాండు రాలినచోటి పుండు నుంచి కూడా రక్తం కారవచ్చు.

ఆ డ్రైవర్ ఆ తర్వాత మూడు విడతలకూ తారీఖు తప్పకుండా వచ్చాడు. చివరిసారి చూస్తే మానిన మచ్చలే ఉన్నాయి, సిరలు కనబడలేదు. మూడు నెలలకు మళ్లీ చూడాలని రాసిస్తే, ఆమె షీటు తీసుకుని తారీఖు పైకి చదివి, అదే కవర్లో పెట్టుకుంది.