ఇంట్లో స్పా: అపోహలు – వాస్తవాలు (మసాజ్ బల్ల పక్కనుంచి)

నా దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తారు. ఒళ్లు అలిసిపోయి వచ్చేవాళ్లు ఒక రకం. ఇంట్లో చేసుకున్న స్పా మిగిల్చిన మచ్చ చూపించడానికి వచ్చేవాళ్లు రెండో రకం. ఈ రెండో రకం వాళ్ల కోసమే రాస్తున్నా.

ముందే ఒక మాట. ఇంట్లో చేసుకోవద్దని నేననను. మేం స్పాలో చేసేదాంట్లో చాలా భాగం ఇంట్లోనూ కుదురుతుంది. వెచ్చదనం, కాస్త నూనె, తొందరపడని చేయి, ఎవరూ పిలవని ఓ ముప్పావు గంట. ఒళ్లు తేలికపడేది ఈ నాలుగింటి వల్లే. గిన్నెలో కలిపేవన్నీ వీటికి తోడు మాత్రమే. వాటిలో కొన్ని తోడుదొంగలు.

అపోహ: చెట్టు నుంచి వచ్చిందేగా, ఏం చేస్తుంది?

దురదగొండి కూడా తీగకు కాసేదే. జీడిగింజ పెంకులోని రసం ఏ ఫ్యాక్టరీలోనూ తయారవదు, అయినా తగిలిన చోటల్లా బొబ్బలెక్కిస్తుంది. కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ రెండూ కాదు, నిమ్మకాయ.

ఒకావిడ ముఖానికీ మెడకీ నిమ్మరసంలో తేనె కలిపి రాసుకుని, ఆరేదాకా బాల్కనీలో ఎండలో కూర్చున్నారు. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు మెడ మంటెక్కింది. మూడో రోజుకి గోధుమ రంగు చారలు తేలాయి. రసం ఏ దారిన కారిందో ఆ దారినే, చెవి కింద మొదలై మెడ ఎముక దాకా నాలుగు చారలు. ఎడమ చెంప మీద రసం అంటిన వేళ్ల గుర్తులు. ఎవరైనా చేయి చేసుకున్నారా అని ఆఫీసులో పక్కకి పిలిచి అడిగారట పాపం.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు ఫైటోఫోటోడెర్మటైటిస్. నిమ్మ జాతి పండ్ల రసంలో, ముఖ్యంగా తొక్కలో ఫ్యూరనోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని యూవీ-ఎ కిరణాలు తగిలితే చర్మ కణాలు దెబ్బతింటాయి. ఎర్రదనం, మంట బయటపడేది దాదాపు ఒక రోజు తర్వాత, ముదిరేది రెండు మూడు రోజులకి. అందుకే చాలామందికి నిమ్మకాయ మీద అనుమానమే రాదు. మచ్చలు వారాల నుంచి నెలల దాకా ఉంటాయి.

ఎండ సంగతి పక్కన పెట్టినా నిమ్మరసం ముఖానికి పనికిరాదు. మన చర్మం పైపొర పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత) సుమారు 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది, నిమ్మరసానిది 2 దగ్గర. ఈ కొలతలో ఒక్క అంకె దిగితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. ఎన్ని వందల రెట్లో మీరే లెక్కేసుకోండి. విటమిన్ సి సీరమ్ రాస్తాంగా, మరి నిమ్మకాయ ఎందుకు రాయకూడదు అంటారు. సీరమ్‌లో ఎంత ఉండాలో కొలిచి వేస్తారు, నిమ్మకాయని ఎవరూ కొలవలేదు. వంటసోడాది దీనికి సరిగ్గా ఎదురు దారి, పీహెచ్ 8 దాటుతుంది. దాంతో ముఖం రుద్దితే మెరిసేది కాసేపే, ఆ తర్వాత పొడిబారి బిగుసుకుపోతుంది.

అపోహ: ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయి, చన్నీళ్లు కొడితే మూసుకుంటాయి

అవి తలుపులా? వాటికి రెక్కలూ లేవు, గడియలూ లేవు. తెరిచి మూసే కండరమే లేదక్కడ. వెచ్చదనానికి రంధ్రంలో గట్టిపడిన జిడ్డు మెత్తబడుతుంది, అంతే. చన్నీళ్లకు రక్తనాళాలు ముడుచుకుని ఎర్రదనం, ఉబ్బు కాస్త తగ్గుతాయి. దాన్నే మనం ‘మూసుకున్నాయి’ అనుకుంటాం. కళ్ల మీద పెట్టుకునే కీరా ముక్కల మహిమా ఇదే. ఫ్రిజ్‌లో పెట్టిన చెంచా కూడా అంతే పని చేస్తుంది, పైగా కడిగి మళ్లీ వాడుకోవచ్చు.

ఆవిరి మీద నాకు కోపం లేదు, పట్టే తీరు మీదే కోపం. మరుగుతున్న గిన్నెను ఒళ్లో పెట్టుకుని, ఊపిరాడకుండా దుప్పటి కప్పుకుని, ముక్కు నీళ్లకి తగిలేంతగా వంగుతారు. 60 డిగ్రీల నీళ్లు ఒలికితే చర్మం లోతుగా కాలిపోవడానికి సుమారు 5 సెకన్లు చాలు. మరిగే నీళ్ల సంగతి చెప్పేదేముంది. గిన్నె కదలని బల్ల మీద ఉండాలి, పొయ్యి మీంచి దించి రెండు మూడు నిమిషాలు ఆగాలి, ముఖానికీ నీళ్లకీ మధ్య మూరెడు దూరం ఉండాలి. ఐదు నిమిషాలు చాలు. పిల్లలు ఆ గదిలో తిరుగుతుంటే ఆ రోజుకి మానేయండి. మంగు ఉన్నవాళ్లు, కాస్త వేడి తగిలితేనే ముఖం కందిపోయేవాళ్లు అసలు దీని జోలికే పోవద్దు.

అపోహ: ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయి

ఈ ఒక్క మాట మీద ఎంత సరుకు అమ్ముడుపోతుందో! చెమటలో ఉండేది దాదాపు అంతా నీళ్లే, కాస్త ఉప్పు. మలినాలను బయటికి పంపే పని కాలేయానిదీ మూత్రపిండాలదీ. మీరు తొట్టిలో కూర్చున్నా, కుర్చీలో కూర్చున్నా వాటి పని అవి చేసుకుపోతుంటాయి.

పాదాలు పెడితే నీళ్లు ఎర్రమట్టి రంగుకి మారే మిషన్లు చూసే ఉంటారు. ఆ ఉప్పునీళ్లలో కరెంటు పారి లోపలి లోహపు కడ్డీలు తుప్పు పడతాయి. ఆ రంగు తుప్పుది. కాళ్లు పెట్టకుండా ఒకసారి ఆన్ చేసి చూడండి, అదే రంగు వస్తుంది. మసాజ్ చేస్తే, వ్యాయామంలో కండరాల్లో తయారయ్యే లాక్టిక్ ఆమ్లం కరిగి పోతుందన్నదీ ఈ కోవలోదే. వ్యాయామం ఆపాక ఓ గంట తిరిగేసరికి అది దానంతటదే మామూలు స్థాయికి వస్తుంది, నా చేతుల కోసం ఎదురుచూడదు. మరి మసాజ్ తర్వాత నీళ్లు ఎందుకు తాగమంటారు? దాహమేస్తే తాగండి.

అపోహ: తొట్టిలో నాలుగు చుక్కలు సుగంధ తైలం వేసుకుంటే చాలు

ఇది నా సొంత కథ. పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒళ్లు నొప్పులుగా ఉందని వేడినీళ్ల తొట్టిలో పెప్పర్‌మింట్ ఎసెన్షియల్ ఆయిల్ పదిహేను చుక్కలు వేసుకున్నా. నూనె నీళ్లలో కలవదని చిన్నప్పుడే చదువుకున్నాం కదా. అది పైన తెట్టులా తేలి, నేను కూర్చోగానే ఒంటికి అతుక్కుంది. రెండు నిమిషాల్లో వీపు మంట, ఆ వెంటనే వణుకు. పొగలు కక్కే నీళ్లలో కూర్చుని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి! అందులోని మెంథాల్ చలిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది. ఒళ్లు నిజంగా చల్లబడకపోయినా మెదడుకి చలి కబురు వెళుతుంది. నీళ్లు పోసుకున్నకొద్దీ అది ఇంకా పాకింది. చివరికి వంటనూనె రాసుకుని, సబ్బుతో కడుక్కుంటే వదిలింది.

అప్పట్నుంచీ నేను తొట్టిలో ఈ నూనెలు వేయను. ఒళ్లు తుడుచుకున్నాక రాసుకునే నూనెలో వేస్తా. లెక్క తేలికే. ఒక మిల్లీలీటరు అంటే సుమారు 20 చుక్కలు. బాదం, నువ్వులు, ఏదో ఒక మామూలు నూనె 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు తీసుకుంటే 6 చుక్కలకి 1 శాతం, 12 చుక్కలకి 2 శాతం. ముఖానికి 1 దాటొద్దు, ఒంటికి 2 చాలు. వాసన చాలట్లేదు అనిపిస్తే అది మీ ముక్కు అలవాటుపడటం, నూనె తప్పు కాదు.

లావెండర్‌ని మాత్రం నేరుగా రాసుకోవచ్చు, కాలిన గాయాలకీ మంచిదట అంటుంటారు. దీని వెనకో కథ ఉంది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త గట్టెఫోసే ప్రయోగశాలలో చేయి కాలి, పక్కనే ఉన్న లావెండర్ తొట్టిలో ముంచేశాడనీ, గాయం వెంటనే మాయమైందనీ చెబుతారు. ప్రమాదం నిజమే, 1910లో జరిగింది. కానీ ఆయన రాసుకున్నది వేరు. గాయాలు గ్యాస్ గాంగ్రీన్‌కి (కండ కుళ్లిపోయే ఇన్‌ఫెక్షన్‌కి) తిరిగాక లావెండర్ నూనెతో కడిగానన్నాడు. తొట్టీ లేదు, మాయా లేదు. చేయి కాలితే పారే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లావెండర్‌లోని లినలూల్, నారింజ, నిమ్మ నూనెల్లోని లిమొనీన్ అనే వాసన పదార్థాలు గాలి తగిలేకొద్దీ మారిపోతాయి. అలా మారినవి చర్మానికి ఎలర్జీ తెస్తాయి. సీసా మూత తీసిన రోజే దాని మీద తేదీ రాయండి. పాత సీసా గది వాసనకి పనికొస్తుందేమో, ఒంటికి వద్దు. ఇంట్లో పిల్లి ఉంటే టీ ట్రీ ఆయిల్‌ని దాని దరిదాపుల్లో ఉంచకండి, దానికది విషం.

అపోహ: మంట పుడితే పని చేస్తున్నట్టు

మంట పుడితే కడిగేయమన్నట్టు. చర్మం మీది మృతకణాల పొర కాగితం కన్నా పల్చన, నెలా నెలన్నరలో దానంతటదే రాలి కొత్తది వస్తుంది. పంచదార, ఉప్పు పలుకులతో మడమలు, మోచేతులు రుద్దుకోండి. ముఖాన్ని వదిలేయండి. మట్టి ప్యాక్ కూడా బీటలు తీసేదాకా ఉంచక్కర్లేదు, చివర్లు ఆరి మధ్యలో ఇంకా తడిగా ఉండగానే కడిగేస్తే చర్మం బిగుసుకుపోదు.

అపోహ: పది నిమిషాలు చేతి మీద రాసి చూశా, ఏం కాలేదు

చురుకు పుట్టించే రకమైతే పది నిమిషాల్లో తెలుస్తుంది. ఎలర్జీ అలా రాదు, బయటపడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున వారం రాసి చూడండి. విసుగే. ముఖమంతా దద్దుర్లతో పెళ్లికి వెళ్లడం కన్నా నయం. (పెళ్లి రేపనగా కొత్త ప్యాక్ వేసుకునే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.)

అపోహ: మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే వారం వస్తుంది

పండు గుజ్జు, పెరుగు, నీళ్లు కలిసిన ఏ ప్యాకైనా మనకన్నా ముందు సూక్ష్మజీవులకి విందు. కొన్న క్రీముల్లో ప్రిజర్వేటివ్ వేసేది ఇందుకే. కలిపిన పూటే వాడి మిగిలింది పారేయండి. నూనె, పంచదార కలిపిన స్క్రబ్ నిలవ ఉంటుంది, అందులో తడి చేయి పెట్టనంతకాలం. బాత్రూమ్‌లో ఆ నియమం ఎన్నాళ్లు నిలుస్తుందో మీకే తెలుసు. అందుకే సీసాడు కలపొద్దు, చిన్న కప్పుడు చాలు.

అపోహ: నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంత విశ్రాంతి

ఇందులో సగం నిజముంది. పడుకోబోయే ఒకటి రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్లతో పది నిమిషాలు స్నానం చేసినా నిద్ర త్వరగా పడుతుందని పరిశోధనల్లో తేలింది. నిద్ర తెచ్చేది నిజానికి వేడి కాదు, ఆ తర్వాత వచ్చే చల్లదనం. అరచేతులకీ అరికాళ్లకీ రక్తం ఎక్కువగా పారి లోపలి వేడి బయటికి పోతుంది, ఒంటి లోపలి ఉష్ణోగ్రత దిగుతుంది, దాంతో నిద్ర వస్తుంది. అందుకే మంచమెక్కే ముందు కాక గంట ముందే కానివ్వాలి. తొట్టి లేకపోతే బకెట్టులో పాదాలు పెట్టినా ఇదే సూత్రం.

అరగంట నానితే మాత్రం చర్మంలోని సహజమైన జిడ్డంతా పోయి, బయటికి రాగానే దురద మొదలవుతుంది. పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. తుండుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే నూనో క్రీమో రాసేయండి. ముఖానికి కొబ్బరినూనె వద్దు, మొటిమలు వచ్చే తత్వమైతే అసలే వద్దు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు అంత వేడికి దూరంగా ఉండాలి. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవాళ్లు పాదాలు నానబెట్టనే కూడదు. కాలినా వాళ్లకి తెలియదు.

ఎప్సమ్ సాల్ట్ సంగతి అడుగుతారని తెలుసు. అది మెగ్నీషియం సల్ఫేట్. చర్మం గుండా మెగ్నీషియం ఒంట్లోకి చేరుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. నేను మాత్రం గుప్పెడు వేసుకుంటా, నీళ్లు ఒంటికి మెత్తగా తగిలినట్టుంటాయని. అది నా సరదా, వైద్యం కాదు.

ఇన్నింటిని తిట్టాక ఒకదాన్ని మెచ్చుకోవాలి. ఓట్స్. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో ఓట్స్ పిండిని చర్మ రక్షణ పదార్థంగా గుర్తించింది. అందులోని అవెనంత్రమైడ్లనే పదార్థాలు దురదని తగ్గిస్తాయి, బీటా గ్లూకాన్ అనే పీచు తేమని పట్టి ఉంచుతుంది. వాసన లేని మామూలు ఓట్స్‌ని మిక్సీలో మెత్తగా పట్టండి. చెంచాడు పిండి గ్లాసు నీళ్లలో వేసి తిప్పితే నీళ్లు పాలలా మారాలి. పిండి వెంటనే అడుక్కి చేరితే మిక్సీలో ఇంకో తిప్పు తిప్పాలి. తొట్టికి కప్పుడు, బకెట్టుకి రెండు చెంచాలు. నేల జారుతుంది, కాలి కింద తుండు వేసుకోండి.

ఆ నిమ్మకాయ ఆవిడ మెడ మీది చారలు పూర్తిగా పోవడానికి నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి ఫోన్ చేశారు. “మేడమ్, మచ్చల మీద బంగాళాదుంప రసం రాస్తే పోతాయట కదా?” అని. సన్‌స్క్రీన్ రాసుకోండి, బంగాళాదుంపని వంటింట్లోనే ఉండనివ్వండి అన్నాను.